ఏజెంట్ చూసేది ఆ ఒక్క వరుసే: జస్ట్‌తో నా అనుభవం

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉంటూ చిన్న దుకాణాలకు బిల్లుల సాఫ్ట్‌వేర్ రాస్తాను. ప్రాజెక్టులో పదేపదే నడిపే ఆదేశాలను ‘పనులు’గా పేర్లు పెట్టి జస్ట్‌ఫైల్ అనే ఫైల్లో రాసుకుంటే, పేరు చెప్పగానే నడిపే సాధనం జస్ట్. అందులో నాకు అన్నిటికంటే ఇష్టమైనది దాని జాబితా. ప్రాజెక్టులో చేయగల పనులన్నీ, ఒక్కోదాని పక్కన ఒక వరుస వివరణతో, అడగగానే చూపిస్తుంది. మిగతా సంగతులు అందరికీ తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నాను. కోడ్ రాసే ఏఐ ఏజెంట్‌ను పనిలో పెట్టుకున్నాక ఆ జాబితా విలువ బాగా తెలిసింది. నన్ను ఏడిపించింది కూడా అదే.

అంతకుముందు, ఏజెంట్ పని మొదలుపెట్టే ముందు చదువుకునే ఏజెంట్స్.ఎండీ ఫైల్లో ఆదేశాలన్నీ విడిగా రాసి పెట్టేవాళ్లం. జస్ట్‌ఫైల్లో పని పేరు మారినా అక్కడ పాత పేరే మిగిలిపోయేది. ఏజెంట్ దాన్ని పట్టుకుని వెళ్లి, అలాంటి పని లేదని తేలాక సొంతంగా ఏదో ఆదేశం అల్లేది. ఇప్పుడు ఆ ఫైల్లో ఒకటే మాట: ముందు జస్ట్ జాబితా చూడు, అందులో ఉన్న పనులే వాడు. జస్ట్‌ఫైల్లో వివరణ వ్యాఖ్యగా పనికి నెత్తిన ఉంటుంది కాబట్టి పనిని మార్చేవాళ్ల కంట అదీ పడుతుంది. ఇలాంటి పనులకే వాడే పాత సాధనం మేక్ 1976 నాటిది, ఎంతో గొప్పది, కానీ ఇలాంటి జాబితా తనంతట తాను ఇవ్వదు. జావాస్క్రిప్ట్ నడిపే నోడ్ ప్రాజెక్టుల్లో ఆదేశాలు రాసుకునే ప్యాకేజ్.జేసన్‌లో వ్యాఖ్య రాసుకునే వీలే లేదు.

ఊహించని సంతోషం ఒకటుంది. పనుల పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లోనే ఉండాలి గానీ వివరణలకు ఆ కట్టుబాటు లేదు. నేను తెలుగులో రాస్తాను. గుణుపురంలో ఉండే నా భాగస్వామి ఒడియా మీడియంలో చదివినవాడు, ఒడియాలో రాస్తాడు. ఏజెంట్ రెండింటినీ తడబడకుండా చదువుకుంది.

ఇక జరిగిన నష్టం. మా ఊరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రప్రదేశ్. ఇక్కడి దుకాణదారు అక్కడికి సరుకు పంపితే బిల్లులో రాష్ట్ర కోడ్ 21 కాదు, 37 పడాలి. రాష్ట్రం లోపలి అమ్మకాలకు పడే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ పన్నులకు బదులు రాష్ట్రాల మధ్య అమ్మకాలకు పడే ఐజీఎస్టీ రావాలి. సరుకు తిరిగొస్తే లెక్క ఇంకా చిక్కు. అందుకని ఒక బట్టల దుకాణం బిల్లు పుస్తకం తెచ్చుకుని, తిరకాసు బిల్లులన్నీ ఏరి, పరీక్ష డేటాబేసులోకి చేత్తో ఎక్కించాం. ఐజీఎస్టీలో పైసల సవరణ సరిచూడమని ఏజెంట్‌కు చెప్పాను. అది జాబితా తీసింది. ఒక పని పక్కన ‘పరీక్షకు కావలసిన నమూనా బిల్లులు నింపుతుంది’ అని కనిపించింది. నడిపింది. మేం ఎక్కించినవన్నీ పోయాయి.

జస్ట్‌ఫైల్ తెరిచి చూస్తే ఆ పనికి పైన రెండు వరుసలున్నాయి. మొదటిది: ‘జాగ్రత్త, ఉన్న బిల్లులన్నీ చెరిపేస్తుంది.’ దాని కింద నమూనాల మాట. పనికి ఆనుకుని ఉన్న ఆఖరి వ్యాఖ్య వరుసను మాత్రమే జస్ట్ జాబితాలోకి తీసుకుంటుంది. ప్రాణమంతా ఉన్న వరుస ఫైల్లోనే ఉండిపోయింది. మనిషైతే ఫైల్ తెరిచినప్పుడు రెండూ చూస్తాడు. జాబితానే ప్రమాణంగా తీసుకునే ఏజెంట్‌కు ఆ హెచ్చరిక లేనట్టే. ముందురోజు రాత్రి తీసిన బ్యాకప్ ఉంది కాబట్టి చాలావరకు దక్కాయి. ఆ తర్వాత ఎక్కించినవి మళ్లీ బిల్లు పుస్తకం ముందేసుకుని కొట్టాల్సి వచ్చింది. పాత బిల్లుల మీద చేతిరాత సగం చెరిగిపోయి ఉంటుంది, అది మామూలు శ్రమ కాదు.

దీనికి మందు జస్ట్‌లోనే ఉంది. డాక్ అనే గుర్తు పెట్టి, జాబితాలో ఏం కనిపించాలో విడిగా రాసుకోవచ్చు. ఇప్పుడు ప్రమాదం ఉన్న ప్రతి పనికీ ఆ ఒక్క వరుసలో ముందు నష్టం, తర్వాత ప్రయోజనం. నడిపేముందు అనుమతి అడిగే కన్ఫర్మ్ గుర్తు కూడా పెట్టాను. అయితే ఆదేశానికి ‘--yes’ తగిలిస్తే ఆ ప్రశ్న రాదు, ఏజెంట్లకు ఆ సంగతి బాగానే తెలుసు. అండర్‌స్కోర్‌తో మొదలయ్యే పనులు జాబితాలో కనబడవు గానీ పేరు తెలిస్తే నడుస్తాయి. కాబట్టి దుకాణాల అసలు డేటాబేసు తాళం ఏజెంట్ చేతికి ఇవ్వడం మానేశాను. జాబితా దారి చూపుతుంది తప్ప అడ్డుపడదు. పైన అంతగా మెచ్చుకున్నది ఈ పరిమితితో కలిపి చదువుకోండి.

ఇంకో చిన్న చిరాకు: జాబితా అక్షరక్రమంలో వస్తుంది. ముందు చేయాల్సింది అడుగున పడుతుంది. ఫైల్లోని వరుసలోనే చూపమని అడగవచ్చు, ఏజెంట్స్.ఎండీలో ఆ ఆదేశమే రాయండి.

మేం ఇద్దరమే, ప్రాజెక్టు చిన్నది, లినక్స్ మీద పని. మాకు ఇది సరిపోయింది, వదలను. మీ జట్టు పెద్దదై, ఒక్కొక్కరు ఒక్కో తీరుగా వ్యాఖ్యలు రాస్తుంటే ఇంత నమ్మకంగా చెప్పలేను. విండోస్ మీదైతే ముందు ఏ షెల్ (ఆదేశాలను నడిపే ప్రోగ్రామ్) వాడాలో జస్ట్‌ఫైల్లో తేల్చుకోండి, మామూలుగా జస్ట్ ‘sh’ అనే షెల్ కోసం వెతుకుతుంది.