ఎంజీబీకి ట్యూబ్యులర్ మ్యానిఫోల్డ్ కొనబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి

నా పాత ఎంజీబీ కారుకి మ్యానిఫోల్డ్, అంటే ఇంజిను పొగని బయటికి తీసుకెళ్ళే భాగం, అమ్మినాయనతో మాట్లాడి ఫోను పెట్టేసి గంట కూడా కాలేదు. ఇంకా గోళ్ళ సందుల్లో మసి అలాగే ఉంది. రెండు రోజులాగి రాస్తే మర్యాదగా రాస్తానేమో గానీ, మర్యాదగా రాసినవి ఎవరూ చివరిదాకా చదవరు. అందుకే ఇప్పుడే రాస్తున్నా.

ఆయన పేరు రాయను. ఇంగ్లండ్‌లో పాత బ్రిటిష్ బండ్లు పెట్టుకున్న మనవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు ఆయన దగ్గర ఏదో ఒకటి కొనే ఉంటారు. "నీ బండి నా బండి అనుకో" అని తియ్యగా మాట్లాడతాడే, ఆయనే. నేనూ మూడేళ్ళుగా చిన్నా చితకా ఆయన దగ్గరే తెప్పించుకుంటున్నా. బుష్‌లు, గొట్టాలు, డోరు రబ్బర్లు, అన్నీ బాగానే వచ్చాయి. ఇప్పుడనిపిస్తోంది, అదంతా ఎర అని.

బండి 1972 ఎంజీబీ జీటీ. మేముండేది రెడింగ్‌లో. బండి పుట్టింది ఇక్కడికి ముప్పావుగంట దూరంలో, ఆబింగ్డన్‌లో. ఆ ఫ్యాక్టరీ 1980లోనే మూసేశారు. ఇంజిను అదే 1798 సీసీ బి సిరీస్, కార్బొరేటర్లు రెండు, ఎస్‌యూ కంపెనీవి, కంపెనీ చెప్పిన లెక్క 95 హార్స్‌పవర్. దానికి కంపెనీ వేసిన పోత ఇనుప మ్యానిఫోల్డ్ బంగారంలా ఉండేది. మీదట కాస్త తుప్పు, అంతే. ఎంజీబీ గురించి తెలిసినవాళ్ళెవర్ని అడిగినా ఆ పోత ఇనుపది ముట్టుకోవద్దనే చెప్తారు. ఇంజినులో ఇంకేమీ మార్చకుండా ట్యూబులది వేస్తే దక్కేది సౌండు తప్ప పెద్దగా ఏమీ లేదనీ చెప్తారు. నాకూ చెప్పారు. వినలేదు. సౌండు కావాలి నాకు! నలభై ఆరేళ్ళు వచ్చాయి, ఇంకా సౌండు కావాలి.

ఫిబ్రవరిలో ఫోన్ చేశా. ఛాసిస్ నంబరు చదవమన్నాడు. జీహెచ్‌డీ5 అనగానే మిగతాది వినకుండానే, "ఓ, ఆ జీటీనా, కళ్ళు మూసుకుని వేసుకోవచ్చు. స్పానర్ల సెట్టు, ఒక కప్పు టీ, సగం రోజు పని" అన్నాడు. స్టెయిన్‌లెస్ స్టీల్, 265 పౌండ్లు. బ్యాంకు నుంచి నేరుగా పంపిస్తే 245కే ఇస్తానన్నాడు. పంపించా. ఆ ఇరవై పౌండ్ల సంగతి మళ్ళీ చెప్తా, దాని మీద ఇంకో ఏడుపుంది.

డబ్బా వచ్చింది. చలి, ఆఫీసులో రిలీజ్ గొడవ, గ్యారేజీలో అలాగే పడుంది. ఈస్టర్ సెలవులకి మా బావమరిది కొవెంట్రీ నుంచి వస్తే ఇద్దరం మొదలుపెట్టాం. ఫిల్టర్లు, కార్బొరేటర్లు, హీట్ షీల్డు, ఇన్‌లెట్ (గాలి, పెట్రోలు ఇంజినులోకి పంపే మ్యానిఫోల్డ్), అన్నీ విప్పాం. కింద పైపు నట్లు తుప్పుతో అతుక్కుపోయి ఒక పూటంతా తిన్నాయి. అయినా సాయంత్రానికి బిగించేశాం. అక్కడితో ఆగానా? లేదు. శనివారం పొద్దున్నే, ఇంజిను ఒక్కసారి కూడా స్టార్ట్ చెయ్యకముందే, పాత మ్యానిఫోల్డ్ తీసుకెళ్ళి కౌన్సిల్ వాళ్ళ పాత ఇనుము తొట్లో నా చేతులతో పడేసి వచ్చా. గ్యారేజీ నీట్‌గా ఉండాలట నాకు. మా ఆవిడ వారిస్తూనే ఉంది, "ఉండనీయండి, ఏం అన్నం అడుగుతుందా అది" అని.

స్టార్ట్ చేస్తే, మా ఊళ్ళో పిండిమర. టప టప టప. వేడెక్కితే సర్దుకుంటుందిలే అనుకున్నాం. వేడెక్కాక ఇంకా పెరిగింది. చల్లారాక మళ్ళీ బిగించాం. ఆదివారమంతా అదే పని. ఐడిలింగ్ ఒకసారి పైకి, ఒకసారి కిందికి. యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే వెనక నుంచి దీపావళి. సోమవారం మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని స్లౌ గుడికి బయల్దేరితే, ఎమ్4 మీద పావుగంట కాగానే "నాన్నా, వాసన, తలనొప్పి" అంది. అప్పుడు వెలిగింది నాకు. పోర్టుల (ఇంజిను నుంచి పొగ బయటికొచ్చే రంధ్రాల) దగ్గర లీకైన పొగ బానెట్ కింద నిండి హీటర్ దారిలో లోపలికి వస్తోంది. కార్బన్ మోనాక్సైడ్‌కి అసలు వాసనే ఉండదు, మిగతా పొగ కంపు కొట్టింది కాబట్టి బతికాం. అద్దాలు దించి, వచ్చే ఎగ్జిట్‌లో దిగి, మెల్లగా ఇంటికొచ్చా. మా ఆవిడ ఏమీ అనలేదు. అదే భయం.

ఆ సాయంత్రం మొత్తం మళ్ళీ విప్పి ఫ్లాంజ్ (మ్యానిఫోల్డ్‌లో ఇంజినుకి ఆనించి బిగించే చదును అంచు) మీద ఇనుప స్కేలు నిలువుగా పెట్టి వెనక టార్చి వేశా. మధ్యలో ఆనుకుంది, రెండు చివర్లా వెలుగు కనపడుతోంది. వెల్డింగ్ వేడికి వంగిన ఫ్లాంజ్‌ని చదును చెయ్యకుండానే డబ్బాలో పెట్టేశారు. అది ఒక ఎత్తయితే, రెండోది ఇంకా ఘోరం. బి సిరీస్ తెలిసినవాళ్ళకి తెలుసు, ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ రెండూ ఇంజినుకి ఒకే పక్క. ఒకే స్టడ్డు, ఒకే మందపాటి వాషరు. ఆ వాషరు సగం ఇన్‌లెట్ మీద, సగం ఎగ్జాస్ట్ మీద కూర్చుని రెండింటినీ కలిపి నొక్కాలి. అంటే రెండు ఫ్లాంజ్‌ల మందం సమానంగా ఉండి తీరాలి. వెర్నియర్ పెట్టి చూస్తే ఈయన పంపినది ఒకటిన్నర మిల్లీమీటరు పల్చన. వాషరు ఇన్‌లెట్ మీద ఎక్కి వాలిపోయింది, దేన్నీ సరిగ్గా పట్టుకోలేదు. నేను ఎంత బిగించినా బిగుసుకున్నది నా పళ్ళే.

ఇవాళ పొద్దున ఫోన్ చేశా. అసలు ఇదంతా రాస్తున్నది ఈ ఫోన్ గురించే.

ఫొటోలు ముందే పంపించా. కొలతలు చెప్పా. కోప్పడలేదు, ఒట్టు. పాత పరిచయం కదా, "అయ్యో, వేరేది పంపిస్తా" అంటాడనే అనుకున్నా. అవతల స్పూను తిప్పుతున్న చప్పుడు. టీ కలుపుకుంటున్నాడు. అంతా విని, తాపీగా అన్నాడు: "అదా? అవన్నీ అలాగే వస్తాయి."

అవన్నీ అలాగే వస్తాయి!

ఒక్క క్షణం నాకు మాట రాలేదు. అంటే ఆయనకి తెలుసు. ఫిబ్రవరిలో కళ్ళు మూసుకోమన్నప్పుడూ తెలుసు. కళ్ళు తెరిస్తే కొననని కాబోలు. మరి ముందే ఎందుకు చెప్పలేదంటే, "ఫ్లాంజ్ కాస్త ఆకురాయితో రాసుకోవాలి, పాత బండ్ల వాళ్ళందరికీ తెలిసిందే" అన్నాడు. బాబూ, అసలే పల్చనైనదాన్ని ఇంకా అరగదీస్తే ఇంకెంత పల్చనవుతుంది? ఈ మాటే మర్యాదగా అడిగా. అప్పుడు గొంతు మారింది. "ఒకసారి బిగించావు కాబట్టి అది వాడిన సామాను, వెనక్కి తీసుకోను. చేతకానప్పుడు తెలిసినవాళ్ళ చేత వేయించుకోవాల్సింది" అన్నాడు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. స్పీకర్లో పెట్టాడన్నమాట. నేను "మా అమ్మాయి బండిలో..." అంటుండగానే కట్.

మూడేళ్ళ పరిచయం. క్రిస్మస్‌కి ఆయనకి అరిసెలు పంపించాను నేను. అరిసెలు!

ఇక ఆ ఇరవై పౌండ్లు. ఈ దేశంలో వంద పౌండ్లు దాటిన సరుకు క్రెడిట్ కార్డు మీద కొంటే సెక్షన్ 75 అని ఒక రక్షణ ఉంది, అమ్మినవాడు మొండికేస్తే నేరుగా కార్డు కంపెనీనే అడగొచ్చు. నేను దాన్ని ఇరవై పౌండ్లకి అమ్ముకున్నా. సరుకు బాలేదని వెంటనే తిప్పి పంపి మొత్తం డబ్బు అడిగే హక్కు 30 రోజులు. అదీ గ్యారేజీలో డబ్బాతో పాటే నిద్రపోయింది. ఆరు నెలల్లోపు బయటపడిన లోపం మొదటినుంచీ ఉన్నట్టే లెక్క కాబట్టి బాగుచేసి ఇమ్మనో మార్చి ఇమ్మనో ఇంకా అడగొచ్చు. ఆ ఉత్తరం ఈ రాత్రే రాస్తున్నా, ఫొటోలతో సహా. ఫోన్లో మాత్రం ఇక మాట్లాడను, నా బీపీకి మంచిది కాదు.

మీరు కొనేటట్టయితే, డబ్బా తెరిచిన రోజే స్కేలు పెట్టి చూడండి, ఇన్‌లెట్ ఫ్లాంజ్ మందంతో కొలిచి చూడండి. బిగించాక కాదు. కార్డుతో కట్టండి. ఇన్సూరెన్స్ వాళ్ళకి చెప్పండి, అది మార్పు కిందకే వస్తుంది. నలభై ఏళ్ళు దాటిన బండికి ఎంఓటీ (ఇక్కడ ఏటా చేసే బండి తనిఖీ) అక్కర్లేదు కదా అని ధీమాగా ఉండకండి, ఏడాదికోసారి చూసేవాడు కూడా లేడంటే ఈ లీకు మనమే కనిపెట్టుకోవాలి. పాతది మాత్రం ఛస్తే పారెయ్యకండి.

పొద్దున కౌన్సిల్ తొట్టి దగ్గరకి మళ్ళీ వెళ్ళొచ్చా. ఖాళీ.

బండి ప్రస్తుతం స్టాండ్ల మీద ఉంది. ఎవరి షెడ్డులోనైనా ఎంజీబీ పోత ఇనుప మ్యానిఫోల్డ్, పగుళ్ళు లేనిది, మూల పడుంటే చెప్పండి. రెడింగ్ నుంచి రెండు గంటల దూరమైనా నేనే వచ్చి పట్టుకెళ్తా. మా ఆవిడ కారులో.