గ్యారేజీలో కట్టుకున్న పడవ: ఈస్ట్‌పోర్ట్ ప్రామ్ కిట్ ఎలా ఉందంటే

వడ్రంగం రానివాళ్లు పడవ కట్టగలరా అంటే, కట్టగలరు, మేం కట్టాం. మేముండేది న్యూజెర్సీలో. అన్నాపొలిస్‌లోని చెసపీక్ లైట్ క్రాఫ్ట్ అనే కంపెనీ వాళ్ల ఈస్ట్‌పోర్ట్ ప్రామ్ (ముందుభాగం కొనదేలకుండా చదునుగా ఉండే చిన్న పడవ) కిట్ తెప్పించుకుని, కారు బయట పెట్టేసి, వారాంతాల్లో మా అబ్బాయీ నేనూ గ్యారేజీలో కూర్చున్నాం. పొడవు 7 అడుగుల 9 అంగుళాలు, బరువు సుమారు 28 కిలోలు, ఇద్దరం చెరో పక్కా పట్టుకుని కారు మీదికి ఎక్కించేస్తాం.

ప్లైవుడ్ పలకలన్నీ మెషిన్ మీద కోసే వస్తాయి, కొలతల టెన్షన్ లేదు. అంచుల్లో రంధ్రాల్లోంచి రాగి తీగ దూర్చి, మెలిపెట్టి బిగిస్తూ పోవడమే. మాది తాళ్లరేవు వైపు, చిన్నప్పుడు పడవలు కట్టేచోట గంటలు గంటలు నిలబడేవాణ్ని, అక్కడ రోజంతా మేకుల మీద సుత్తి దెబ్బలే, ఇక్కడేమో బట్టలకి టాకాలు వేసినట్టు తీగలతో కుట్టడం. చివరి పలక బిగిస్తుంటే చెక్క టక్కుమని చిన్న చప్పుడు చేసి వంపులోకి సర్దుకుంది, మావాడు "నాన్నా, పడవైపోయింది!" అని అరిచాడు.

అవలేదు, అసలు పని అప్పుడే మొదలు. ఎపాక్సీ జిగురు కలుపుకోవాలి: రెండు పాళ్ల రెసిన్‌కి ఒక పాలు హార్డెనర్ (దాన్ని గట్టిపరిచేది), అందులో చెక్కపొడి వేసి గారెల పిండిలా జారకుండా కలిపి, లోపలి మూలల్లో నింపి నున్నగా లాగాలి. అది గట్టిపడ్డాక తీగలు కత్తిరించేస్తాం, ఇక పడవని పట్టి ఉంచేది ఆ జిగురే. ఒకరోజు తొందరలో ఎక్కువ కలిపి కప్పులోనే వదిలేస్తే వేడెక్కి పొగలొచ్చాయి, కప్పు కరిగిపోయింది. కొంచెం కొంచెమే కలపండి, వెడల్పాటి ట్రేలో పోసుకోండి, చేతికి తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు. చలిలో జిగురు ఎంతకీ ఆరదు, అందుకే మార్చి, ఏప్రిల్ దాటాక మొదలుపెట్టడం మేలు.

అన్నిటికంటే ఎక్కువ టైమ్ తినేది ఇసక కాగితం పనే. మాస్క్ తప్పనిసరి, దుమ్ము ఇంట్లోకి కూడా వస్తుంది. కొరియర్ వాళ్లు పెట్టె పడేశారేమో, ఒక పలక మూల నలిగింది, జిగురుతోనే సరిచేసుకున్నాం.

తెరచాప సామాను విడిగా కొనాలి, మేం తీసుకోలేదు. తెడ్లు కూడా కిట్‌లో రావు, మొదటే ఆర్డర్ పెట్టుకోండి. మా పడవ సిద్ధమయ్యాక రెండు వారాలు తెడ్ల కోసం గ్యారేజీలోనే ఉంది, మావాడు రోజూ బడినుంచి రాగానే అందులో ఎక్కి కూర్చునేవాడు.