మాస్టర్స్‌కి ఒక్క రోజే వెళ్ళగలిగితే: బుధవారమా, గురువారమా, ఆదివారమా?

జూన్ మొదట్లో షార్లెట్ నుంచి మా తోడల్లుడు ఫోన్ చేశాడు. "తమ్ముడూ, మాస్టర్స్ గోల్ఫ్ పోటీ టికెట్ల లాటరీ తెరిచారట. ఏ రోజుకి పెట్టమంటావు?" నా నోట ఆదివారం అనే మాట వస్తుందనే ఆయన నమ్మకం.

"ఏ రోజైనా పెట్టు, ఆదివారం మాత్రం వద్దన్నయ్యా" అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. ఫైనల్ చూడొద్దనేవాడు ఏం ఆటాభిమాని అనుకున్నట్టున్నాడు.

మాస్టర్స్ జరిగేది అమెరికాలో ఆగస్టా ఊళ్ళోని ఆగస్టా నేషనల్ క్లబ్బులో. అక్కడికి నేను మూడుసార్లు వెళ్ళాను. ఒకసారి బుధవారం, ఒకసారి గురువారం, ఒకసారి ఆదివారం. అందుకే ఆ ధైర్యం.

క్రికెట్‌కి అలవాటుపడ్డ మనం మొదట తప్పుపడేది ఒకచోట. ఉప్పల్ స్టేడియంలో ఏ మూల కూర్చున్నా పిచ్ ఒకటే, బంతి ఒకటే. మీ పక్కవాడు చూసిందే మీరూ చూస్తారు. ఆగస్టా నేషనల్‌లో పద్దెనిమిది హోల్స్ (బంతిని మొదట కొట్టే చోటు టీ, గుంట ఉండే నున్నటి పచ్చిక గ్రీన్, టీ నుంచి గ్రీన్ దాకా ఒక హోల్), ఏడున్నర వేల గజాలకి పైబడిన కోర్సు, అన్నిచోట్లా ఒకేసారి ఆట. మీ ముందు జరిగింది మాత్రమే మీది, మిగతాదంతా వినికిడి. పెద్ద తెరలుండవు. ఫోన్ గేటు దగ్గరే ఆగిపోవాలి. సంగతులు తెలిసేది చేత్తో అంకెలు మార్చే తెల్ల బోర్డుల మీదే. ఆట మొత్తం చూడాలంటే మన ఇంట్లో సోఫాని మించింది లేదు. అక్కడికి పోయేది ఆ తోటలో ఒక పగలు గడపడానికి. తోట అన్నది ఊరికే కాదు, క్లబ్బు రాకముందు అది నిజంగానే మొక్కల నర్సరీ. ఇప్పటికీ ప్రతి హోల్‌కీ ఒక చెట్టు పేరో పువ్వు పేరో ఉంటుంది.

టికెట్టు ధరలో పెద్ద తేడా లేదు. 2025లో ప్రాక్టీసు రోజుకి 100 డాలర్లు, పోటీ రోజుకి 140. లాటరీ తగిలితేనే సుమా. బయట ఎవరి దగ్గరో వేల డాలర్లు పోసి కొన్న టికెట్టుని క్లబ్బు చెల్లదనే ప్రమాదం ఉంది కాబట్టి దాని జోలికి నేను పోను, పొమ్మనను.

బుధవారం సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే అదే అందరూ తేలిగ్గా తీసుకునేది. సోమ, మంగళ, బుధవారాలు ప్రాక్టీసు, గురువారం నుంచి ఆదివారం దాకా అసలు పోటీ. ప్రాక్టీసు రోజుల్లో ఆటగాళ్ళు సరదాగా ఉంటారు. పదహారో హోల్ దగ్గర మధ్యలో చెరువుంది. అక్కడికి ఎవరొచ్చినా జనం "స్కిప్, స్కిప్" అని గోల పెడతారు. చిన్నప్పుడు మనం చెరువులో పెంకుముక్కని ఎగిరెగిరిపడేలా విసిరేవాళ్ళం చూడండి, అచ్చం అలా బంతిని నీళ్ళమీద గెంతించి అవతలి గ్రీన్ మీదికి ఎక్కించాలి. 2009లో విజయ్ సింగ్ అలా కొట్టిన బంతి నీళ్ళమీద గెంతి, గ్రీన్ ఎక్కి, మెల్లగా దొర్లుకుంటూ పోయి గుంటలో పడింది. పోటీలో లెక్కకు రాదు. అయితేనేం!

బుధవారం మధ్యాహ్నం పక్కనున్న చిన్న కోర్సులో పార్-3 పోటీ ఉంటుంది, మూడు దెబ్బల్లో ముగించాల్సిన పొట్టి హోల్స్ తొమ్మిది. 1960 నుంచీ జరుగుతోంది. ఆటగాళ్ళ భార్యలు, పిల్లలు తెల్లటి క్యాడీ (ఆటగాడి సంచి మోసేవాడు) దుస్తులేసుకుని సంచులు మోస్తూ వస్తారు. మూడేళ్ళ పిల్లాడు నాన్న బంతిని పట్టుకుని పరిగెడుతుంటే గ్రీన్ అంతా నవ్వులు. మొదటి దెబ్బకే బంతి గుంటలో పడితే హోల్-ఇన్-వన్ అంటారు. 2016లో ఒక్క మధ్యాహ్నంలోనే తొమ్మిది హోల్-ఇన్-వన్‌లు పడ్డాయి. ఇంకో తమాషా: ఈ పోటీ గెలిచినవాడు అదే ఏడాది మాస్టర్స్ గెలిచిన దాఖలా ఇంతవరకు లేదు. ఆటగాళ్ళలో కొందరికి గెలవాలన్న ఆత్రం ఎందుకు ఉండదో అర్థమవుతుంది.

పైగా కెమెరా తీసుకెళ్ళనిచ్చేది ఈ మూడు రోజులే. ఫోన్‌కి కాదు, విడి కెమెరాకే అనుమతి. గురువారం నుంచి అదీ లేదు. గోల్ఫ్ అంటే ఏమిటో తెలియని మా ఆవిడ బుధవారం నాడే "ఇది బాగుంది" అంది. ఆమె ఫొటోలు తీసింది అజేలియా పూలకి, ఒక్క ఆటగాడికీ కాదు.

లోపం కూడా చెప్పాలి. చిన్న కోర్సు చుట్టూ ఇసకేస్తే రాలనంత జనం. పొట్టివాళ్ళకి టోపీలే కనిపిస్తాయి. పైగా ఆటలో ప్రాణం ఉండదు. పట్, అంటే గ్రీన్ మీద బంతిని గుంటలోకి దొర్లించే దెబ్బ, తప్పితే ఇంకో బంతి వేసుకుంటారు. చేతులు వణికే క్షణం కోసం వచ్చినవాడికి అది చప్పటి పప్పు.

ఇక ఆదివారం. నేను వెళ్ళింది 2023లో, జాన్ రామ్ గెలిచిన రోజు. తెల్లవారుజామునే పోయి పన్నెండో హోల్ టీ వెనక మెట్ల మీద చోటు పట్టాను. అక్కడినుంచి పదకొండో గ్రీన్, పన్నెండు మొత్తం కనిపిస్తాయి. ఆమెన్ కార్నర్ అంటారే, అదే. 1958లో ఒక పత్రికా రచయిత పెట్టిన పేరు. పన్నెండో హోల్ 155 గజాలే, మధ్యలో రేస్ క్రీక్ అనే చిన్న వాగు. అవతలి గ్రీన్ దగ్గరికి ప్రేక్షకుల్ని పోనివ్వరు. అంత జనంలోంచి ఇద్దరు ఆటగాళ్ళు వంతెన దాటి అవతలికి పోయి ఒంటరిగా నిలబడితే ఇవతల ఊపిరి చప్పుడు కూడా వినపడదు. 2019లో అప్పటిదాకా ముందున్న మోలినారీ బంతి ఆ వాగులోనే పడింది, టైగర్ వుడ్స్‌కి దారి దొరికింది.

ఆ రోజు ముందంజలో ఉన్న రామ్, కెప్కా కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. అంతలో చెట్ల అవతల నుంచి ఒక్కసారిగా పెద్ద అరుపు. ఎవరో ఏదో చేశారు. పక్కనున్న పెద్దాయన చెవి రిక్కించి "పదహారు" అన్నాడు. ఏళ్ళ తరబడి వచ్చేవాళ్ళకి అరుపుని బట్టి హోల్ తెలుస్తుందట. ఎవరు కొట్టారో మాత్రం మా మెట్ల మీద ఎవరికీ తెలియలేదు. రాత్రి కార్లో ఫోన్ తెరిస్తే గానీ నాకూ తెలియలేదు. సాహిత్ తీగల! హైదరాబాద్ నుంచి అమెరికా వచ్చిన తల్లిదండ్రుల బిడ్డ, మన తెలుగింటి కుర్రాడు. మొట్టమొదటిసారి మాస్టర్స్ ఆడుతూ, గ్రీన్ పక్కనుంచి లేపిన బంతి వాలు వెంట దొర్లి గుంటలో పడిందట. చివరికి తొమ్మిదో స్థానం. రెండున్నర గంటలు కారు నడిపి, ఆరు గంటలు మెట్ల మీద కూర్చుని, ఆ మైదానంలోనే ఉండి నేను దాన్ని చూడలేదు. నిజామాబాద్‌లో మా నాన్న యూట్యూబ్‌లో నాకంటే ముందు చూశాడు.

ఆదివారంతో చిక్కే అది. మొదటి రెండు రోజులయ్యాక పై 50 స్థానాలవాళ్ళు, వాళ్ళతో సమానంగా ఉన్నవాళ్ళు మాత్రమే మిగులుతారు. జనమేమో తగ్గరు. అందరి కళ్ళూ చివరి మూడు నాలుగు జతల మీదే. వాళ్ళు బయల్దేరేది మామూలుగా మధ్యాహ్నం రెండు దాటాక. అప్పటిదాకా పట్టుకున్న చోటు వదిలితే పోతుందని భయం. 2025లో రోరీ మెక్‌ల్రాయ్ పద్దెనిమిదో గ్రీన్ మీద, స్కోర్లు సమమైతే విజేతని తేల్చే ప్లేఆఫ్‌లో గెలిచి మోకాళ్ళ మీద కూలబడినప్పుడు అక్కడున్నవాళ్ళు అదృష్టవంతులే, కాదనను. పదకొండేళ్ళ తర్వాత మేజర్, అంటే గోల్ఫ్‌లోని నాలుగు పెద్ద పోటీల్లో ఒకటి, గెలిచాడు. కానీ ఆ అదృష్టం దక్కింది ఆ గ్రీన్ చుట్టూ చోటు దొరికినవాళ్ళకే. మిగతా వేలమంది అరుపు విని బోర్డువైపు చూశారు.

గురువారం దగ్గరికి వస్తే నా పక్షపాతం దాచుకోను. పొద్దున్నే జాక్ నిక్లస్, గ్యారీ ప్లేయర్, టామ్ వాట్సన్ లాంఛనంగా తలా ఒక దెబ్బ కొట్టి పోటీ మొదలుపెడతారు. ముగ్గురివీ కలిపి పదకొండు మాస్టర్స్ విజయాలు. 2025లో ప్లేయర్ వయసు 89. ఆ తర్వాత చీకటి పడబోయేదాకా ముగ్గురేసి చొప్పున ఆటగాళ్ళందరూ మీ ముందు నుంచే వెళ్తారు. ప్రపంచ నంబర్ వన్ వెంట జనం పోతారు. వాళ్ళని పోనిచ్చి, వెనక వచ్చే జట్టు దగ్గర, జనాన్ని ఆపే తాడు పట్టుకుని నిలబడండి. క్యాడీతో ఆటగాడు గుసగుసలాడే మాటలు కూడా వినిపిస్తాయి. పాత ఛాంపియన్లు కూడా ఆడతారు. 2025 గురువారం నాడు 65 ఏళ్ళ ఫ్రెడ్ కపుల్స్ పద్నాలుగో హోల్‌లో దూరం నుంచి కొట్టిన రెండో షాట్ నేరుగా గుంటలో పడింది. అలాంటివి గురువారం మిగతా జనం లేని మూలల్లో జరుగుతాయి. అందరి స్కోరూ సున్నానే కాబట్టి ఎవరికీ ఆశ చచ్చిపోయి ఉండదు. అదే ఆ రోజు అందం.

రోజు ఏదైనా ఇంకో తగువు ఉంది: కుర్చీయా, కాళ్ళా? చేతులు లేని మడత కుర్చీ తెచ్చుకుని పొద్దున్నే ఏదో గ్రీన్ దగ్గర వేసి, పేరు రాసి, ఎటైనా తిరిగి రావచ్చు. దాన్ని ఎవరూ ఎత్తుకుపోరు. మీరు లేనప్పుడు వేరేవాళ్ళు కూర్చోవచ్చు, మీరు రాగానే లేస్తారు. మన రైళ్ళలో జేబురుమాలు వేసిన సీటు ఎంతసేపు నిలుస్తుందో తెలిసినవాణ్ణి కాబట్టి మొదటిసారి నేను నమ్మలేదు. రెండున్నర గంటల తర్వాత వచ్చి చూస్తే అక్కడే ఉంది. నా సలహా: కుర్చీ పదహారు దగ్గర వేసి, మధ్యాహ్నం దాకా నడవండి. పరుగు మాత్రం నిషేధం. టీవీలో కనిపించని ఎత్తుపల్లాలు మోకాళ్ళకి తెలుస్తాయి. పదో హోల్ టీ నుంచి గ్రీన్‌కి వంద అడుగులకి పైగా దిగాలి. దిగింది మళ్ళీ పద్దెనిమిదిలో ఎక్కాలి. అలిపిరి మెట్లంత కాకపోయినా, చెప్పులు వేసుకుని పోయేది కాదు.

తిండి ఏ రోజైనా ఒకటే, చవక. పిమెంటో చీజ్ శాండ్‌విచ్ ఒకటిన్నర డాలరు, గుడ్డుదీ అంతే. కారం ఆశించొద్దు. మేం పులిహోర డబ్బా కార్లోనే ఖాళీ చేసి లోపలికి పోయాం. ఇంటికి ఫోన్ చేయాలంటే ఉచిత ల్యాండ్‌లైన్లు ఉంటాయి. చిక్కల్లా నంబర్లు గుర్తుండకపోవడమే. నాకు కంఠతా వచ్చింది 1990ల నాటి మా ఊరి ఇంటి నంబరొక్కటే, అది తీసేసి చాలా ఏళ్ళయింది.

లండన్‌లో ఉన్న మా పెదనాన్నగారబ్బాయి ఇదంతా విని, "మా ఓపెన్ సంగతో?" అన్నాడు. ఓపెన్ అంటే బ్రిటన్ వాళ్ళ పెద్ద గోల్ఫ్ పోటీ. అక్కడ ఫోన్ తీసుకెళ్ళవచ్చు, మూగగా ఉంచితే చాలు. పెద్దవాళ్ళతో వచ్చే 16 ఏళ్ళ లోపు పిల్లలకి ప్రవేశం ఉచితం. జూలై పగలు కాబట్టి ఆరున్నరకే ఆట మొదలై, దాదాపు చీకటి పడేదాకా సాగుతుంది. పిల్లలున్న ఇంటికి ఆగస్టా కంటే అదే నయం. కాకపోతే ఓపెన్ ఏటా ఒకేచోట జరగదు; స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో హోల్స్ పక్కపక్కనే పోతాయి కాబట్టి తాడు బయటినుంచి ఆటగాళ్ళు చీమల్లా కనిపిస్తారు. అక్కడైతే నడవకండి, ఊరి పక్కనున్న పద్దెనిమిదో హోల్ స్టాండులో చోటు పట్టి, వానకోటు ఒళ్ళో పెట్టుకుని కూర్చోండి. 2027లో ఓపెన్ మళ్ళీ అక్కడికే వస్తోంది.

మా తోడల్లుడికి ఇదంతా గంటసేపు చెప్పాను. పిల్లలూ వదినా వస్తే బుధవారం, నువ్వొక్కడివే అయితే గురువారం అని తేల్చాను. ఓపిగ్గా విన్నాడు. తర్వాత దరఖాస్తు తెరిచి చూస్తే ఎన్ని రోజులకైనా టిక్కు పెట్టుకోవచ్చనీ, తగిలితే ఏదో ఒక రోజే ఇస్తారనీ ఉందట. అన్నిటికీ పెట్టేశాడు.

"ఆదివారానికి కూడానా?" అని అడిగాను.

"ముందు దానికే పెట్టాను" అన్నాడు.