పాటకు తోడుగా యమహా ఎఫ్310: కొనేముందు, కొన్న తర్వాత

గిటార్ కొనాలని అబిడ్స్‌కో సికింద్రాబాద్‌కో బయల్దేరేవాళ్లలో చాలామందికి అసలు కోరిక పాడుకోవడం. నచ్చిన సినిమా పాట నాలుగు కార్డులతో, అంటే కొన్ని స్వరాలు ఒకేసారి మోగించే పట్టులతో, వాయిస్తూ గొంతెత్తి పాడగలిగితే చాలు, సోలోలు తర్వాత సంగతి. యమహా ఎఫ్310ని ఆ కోరికతోనే తూచి చూశాం. పది వేల రూపాయలకు కాస్త అటూ ఇటూగా దొరికే ఈ గిటార్ ఆ పనికి చక్కగా సరిపోతుంది. కాకపోతే పెట్టెలోంచి తీసింది తీసినట్టు మొదలుపెట్టొద్దు. నట్ (మెడ పైకొసన తీగలు ఆనే చిన్న పట్టీ) దగ్గర తీగల ఎత్తు చూపించుకుని, మీ శ్రుతికి తగ్గ చోట క్యాపో (మెడ మీద తీగలన్నిటినీ నొక్కి పట్టే క్లిప్పు) పెట్టుకున్నాకే దీని విలువ తెలుస్తుంది.

ఇది పూర్తి సైజు డ్రెడ్‌నాట్, అంటే పెద్ద పొట్ట ఉన్న గిటార్. తీగ పొడవు 634 మిల్లీమీటర్లు, నట్ దగ్గర మెడ వెడల్పు 43, ఫ్రెట్లు, అంటే మెడ మీది అడ్డు కమ్మీలు, 20. చాలా డ్రెడ్‌నాట్లకు తీగ పొడవు 645 నుంచి 650 దాకా ఉంటుంది. ఆ పది, పదిహేను మిల్లీమీటర్ల తేడా కంటికి ఆనదు గానీ తీగల బిగువు ఆ మేరకు తగ్గుతుంది, కొత్త వేళ్లకు అదే ఊరట. పైచెక్క స్ప్రూస్, అదీ లామినేట్, అంటే పలుచటి పొరలు అతికించి చేసింది. ఆ మాట వినగానే మొహం తిప్పుకోనక్కర్లేదు. వాయించేకొద్దీ నాదం విచ్చుకోవడం దీంట్లో పెద్దగా ఉండదు, నిజమే. కానీ మే నెల పొడిగాలికీ జులై ముసురుకీ ఒంటిచెక్క కంటే లామినేట్ బాగా తట్టుకుంటుంది. పాటలు నేర్చుకునేవాళ్లకు ముందు కావాల్సింది ఆ నిలకడే.

దుకాణంలో ఒకే మోడల్ రెండు, మూడు తెప్పించుకుని చూడండి. ముందు శ్రుతి చేయించి, ఒక్కో తీగ మీద ఒక్కో ఫ్రెట్ నొక్కుతూ చివరిదాకా వెళ్లాలి. పది నిమిషాల పని, మొహమాటపడొద్దు. ఎక్కడైనా జర్రుమని తీగ ఫ్రెట్‌కి తగులుతున్న చప్పుడు వస్తే ఆ గిటార్ పక్కన పెట్టేయండి. తర్వాత బ్రిడ్జ్ (పొట్ట మీద తీగలు బిగించే చెక్క) వెనక అంచు కింద బిల్లు కాగితం మూల దూర్చి చూడండి. కాగితం లోపలికి పోతే బ్రిడ్జ్ లేస్తోందని అర్థం, ఎంత తగ్గించి ఇచ్చినా తీసుకోవద్దు. చివరగా ట్యూనర్ (శ్రుతి చూపే పరికరం) పెట్టి ఖాళీ తీగ ఒకసారి, అదే తీగ పన్నెండో ఫ్రెట్ దగ్గర నొక్కి ఒకసారి మీటండి. రెండుచోట్లా అదే స్వరం సరిగ్గా చూపించాలి, రెండోది పై స్థాయిలో పలుకుతుంది, అంతే తేడా.

ఇప్పుడు నట్ సంగతి. ఈ ధరలో ఏ కంపెనీ గిటార్ అయినా ఫ్యాక్టరీలో నట్ మీద తీగలు కూర్చునే గాడులు కాస్త ఎత్తుగానే వదిలేస్తారు. గాడి లోతు ఎక్కువైతే తీగ మోగదు, నట్ మార్చాల్సి వస్తుంది కాబట్టి తక్కువ కోసి పంపడం వాళ్లకు క్షేమం. ఆ భారం నేర్చుకునేవాళ్ల వేళ్ల మీద పడుతుంది. ఇలా పరీక్షించండి: ఒక తీగను మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టుకుని, మొదటి ఫ్రెట్‌కీ తీగకీ మధ్య సందు చూడండి. వెంట్రుక పట్టేంత ఉండాలి. అక్కడ విజిటింగ్ కార్డు సులువుగా జారితే నట్ ఎత్తుగా ఉన్నట్టే. అలాంటప్పుడు సీ, ఏ మైనర్, ఎఫ్ కార్డులు రెండు ఇబ్బందులు పెడతాయి: వేళ్లు కోసుకుపోతాయి, శ్రుతి చేసిన గిటారే అయినా మొదటి ఫ్రెట్ దగ్గర స్వరం కొంచెం పైకి పోతుంది. పాడేవాళ్లు తమ గొంతులోనే అపశ్రుతి ఉందనుకుని కుంగిపోతారు. నెలల తరబడి సాధన చేసినా ఎఫ్ కార్డ్ పలకదని వాపోయేవాళ్లు చాలామంది ఒక్క నట్ సరిచేయిస్తే గట్టెక్కుతారు. ఈ పని సొంతంగా చేయొద్దు. తీగ మందానికి తగ్గ ఆకురాళ్లు ఉన్న మనిషికే ఇవ్వండి. కొనేటప్పుడే సెటప్ (తీగల ఎత్తు సరిచేసే పని) కలిపి బేరమాడటం మేలు.

పన్నెండో ఫ్రెట్ దగ్గర స్టీలు స్కేలుతో కొలిస్తే లావు తీగ కింద 2.5, సన్న తీగ కింద 2 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటే హాయిగా ఉంటుంది. ఎక్కువుంటే శాడిల్, అంటే బ్రిడ్జ్ మీద తీగలు ఆనే పట్టీ, అడుగు అరగదీయాలి. అక్కడ అర మిల్లీమీటరు తగ్గాలంటే శాడిల్ ఒక మిల్లీమీటరు అరగాలి. అడుగు ఏమాత్రం వంకర వచ్చినా తీగల మోత ఎగుడుదిగుడు అవుతుంది.

అకౌస్టిక్ గిటార్లకు ఎక్కువగా 12 గేజ్ తీగలు వేస్తారు (గేజ్ అంటే తీగ మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో; 12 అన్నది సన్న తీగది). పేరుకు లైట్ గానీ కొత్త చేతికి అవి బరువే. వాటి బదులు 11–52, అంటే కస్టమ్ లైట్ సెట్ వేయించుకోండి. 10–47 ఇంకా మెత్తన, కానీ ఈ గిటార్ మంద్రంలో ఉన్న నిండుతనం పలచబడుతుంది. తీగలు మార్చాక బిగువు తగ్గి మెడ కొంచెం నిటారవుతుంది, ఒకటి రెండు ఫ్రెట్ల దగ్గర జర్రుమనొచ్చు. అప్పుడు ట్రస్ రాడ్‌ను (మెడ లోపలి ఇనుప కడ్డీ) కొద్దిగా, పావు చుట్టుకు మించకుండా వదులు చేయించాలి.

ఇక మోత. డ్రెడ్‌నాట్ పెద్ద నోరున్న గిటార్. కొత్తగా పాడేవాళ్ల గొంతు దాని ముందు తేలిపోతుంది. వినబడటం లేదని గొంతు చించుకుంటారు, అరగంటకే బొంగురుపోతుంది. గిటార్‌నే తగ్గించండి: 0.46 నుంచి 0.60 మిల్లీమీటర్ల పలుచటి పిక్ (తీగలు మీటే చిన్న పలక) వాడండి, లేదా బొటనవేలి కండతో మీటండి. మీటే చోటు బ్రిడ్జ్ వైపు కాకుండా రంధ్రం మీదుగా మెడ వైపు జరిగితే చప్పుడు మెత్తబడుతుంది, మాట స్పష్టంగా వినిపిస్తుంది.

క్యాపో మాత్రం గిటార్‌తో పాటే కొనాలి. పాడేవాళ్లకు ఇది అలంకారం కాదు. కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లకు తమ శ్రుతి తెలిసే ఉంటుంది. ఐదున్నర శ్రుతి అంటే జీ షార్ప్, జీ ఆకారాలు (జీలో వాయించేటప్పటి కార్డుల పట్టులు) పట్టుకుని క్యాపో మొదటి ఫ్రెట్‌లో పెడితే సరి. ఒకటిన్నర అంటే సీ షార్ప్. సీ ఆకారాలతో మొదటి ఫ్రెట్ అయితే మళ్లీ ఎఫ్ కార్డ్ ఎదురవుతుంది, అందుకే ఏ ఆకారాలతో నాలుగో ఫ్రెట్‌లో పెట్టండి: ఏ, డీ, ఈ చాలు. రెండు శ్రుతి వాళ్లకు క్యాపో అక్కర్లేదు, డీ, జీ, ఏ ఉన్నవే. సినిమా పాటకైతే శ్రుతి పేరు కంటే పాటలో అన్నిటికంటే పై స్వరం ముఖ్యం. చరణం చివర గొంతు బిగుసుకుంటోందంటే కిందికి దిగాల్సిందే. సీలో ఉన్న పాట మూడు మెట్లు ఎక్కువనిపిస్తే సీ, జీ, ఏ మైనర్, ఎఫ్ బదులు జీ, డీ, ఈ మైనర్, సీ పట్టుకుని క్యాపో రెండో ఫ్రెట్‌లో పెట్టండి. పాట ఏకి దిగుతుంది, ఎఫ్ కూడా తప్పుతుంది. క్యాపో ఫ్రెట్‌కి ఆనుకుని, నట్ వైపు ఉండాలి. మధ్యలో పెడితే తీగలు లాగి శ్రుతి పైకి పోతుంది. పెట్టాక ప్రతిసారీ ట్యూనర్ చూసుకోవాలి.

వాయించడం, పాడటం కలిసేచోట అందరూ తడబడతారు. కుడిచెయ్యి పాట మాటల వెంట పరిగెత్తుతుంది, అక్షరం లాగినప్పుడు చెయ్యి ఆగిపోతుంది. నిమిషానికి 60 దెబ్బల మెట్రోనోమ్‌కి (లయ కొట్టే పరికరం) ఒక్క ఈ మైనర్ పట్టుకుని కిందికి మాత్రమే స్ట్రమ్ చేస్తూ పల్లవిని మామూలు మాటల్లా చెప్పండి, పాడొద్దు. చెయ్యి ఆగకుండా పల్లవి పూర్తయ్యాక రాగం కలపండి. కార్డులు మార్చడం ఆ తర్వాత. తెలుగు పాటల్లో తిశ్రగతి, అంటే మూడేసి లెక్కన నడిచే లయ, చాలా ఎక్కువ. ఒకటి నుంచి ఆరు దాకా లెక్కపెడుతూ ఒకటినీ నాలుగునీ గట్టిగా, మిగతావి తేలిగ్గా కొట్టడం అలవాటైతే బోలెడు పాటలకు దారి దొరుకుతుంది.

పదేళ్లలోపు పిల్లలకు ఇది వద్దు. గిటార్ పొట్ట మీదుగా చెయ్యి తిప్పలేక భుజం పైకి లేస్తుంది, భుజం లేస్తే గొంతూ బిగుస్తుంది. వాళ్లకు చిన్న సైజు గిటార్ తీసుకోండి.

కొన్నాక ఎండకు పార్క్ చేసిన కారులో ఒక్క మధ్యాహ్నం కూడా ఉంచొద్దు, బ్రిడ్జ్ జిగురు మెత్తబడి లేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో మెడ అంచు వెంట వేలితో నిమిరి చూడండి. ఫ్రెట్ల కొసలు గుచ్చుకుంటుంటే చెక్క ఎండి కుంచించుకుపోయినట్టు. గిటార్‌ను బ్యాగ్‌లో పెట్టి జిప్ వేసి, ఏసీ గాలి సూటిగా తగలని గోడవార ఉంచండి. వానాకాలంలో వాయించిన ప్రతిసారీ తీగల కింద పొడిబట్ట దూర్చి తుడవాలి. వేలికి గరుకుగా తగిలి నల్లటి మరక అంటుతోందంటే ఆ సెట్ అయిపోయింది, మార్చేయండి.