కడపలో పాత అంబాసిడర్‌కు వెనక కమాన్లు వేయిస్తున్నారా? ఒక్క నిమిషం ఆగండి

పాత అంబాసిడర్ ఉన్న అన్నలూ తమ్ముళ్లూ, ఇది చదివాకే బండిని కమాన్ల (బండి బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగుల) పనికి ఇవ్వండి. నాకు 14,000 పోయాయి. అది సరే, గువ్వలచెరువు ఘాట్‌లో మా అమ్మ ప్రాణం మీదికి వచ్చింది.

మాది నాన్న 1986లో కొన్న మార్క్ ఫోర్ మోడల్ అంబాసిడర్. వెనక ఎడమ వైపు కుంగితే కడపలో ఒక షెడ్డుకు తీసుకెళ్లాను. ‘కొత్త కమాన్లే వేస్తా సార్’ అన్నాడు మేస్త్రీ. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది కదా, సరుకు దొరకడమే గొప్ప అనుకున్నాను. సాయంత్రానికి బండి వెనక ఎత్తుగా నిలబడింది, పట్టీలు నల్లగా నిగనిగలాడుతున్నాయి. మొత్తం డబ్బు చేతికిచ్చి వచ్చేశాను.

నాలుగో రోజు రాయచోటి నుంచి తిరిగి వస్తూ ఘాట్ దిగుతున్నాం. మలుపులో వెనక భాగం పక్కకు జరిగినట్టయింది, కింద టక్కుమని శబ్దం. ఎదురుగా లారీ. ఎలా ఆపానో నాకే తెలియదు.

ప్రొద్దుటూరులో ఒక పెద్ద మేస్త్రీ విప్పి చూపించారు. రంగు గీకితే అవి నా పాత పట్టీలే! గ్యాస్ మంటతో కాల్చి వంపు పెంచారు. అలా కాలిస్తే స్ప్రింగు ఉక్కుకు ఉన్న బలం పోతుంది, బరువు పడేకొద్దీ మళ్లీ వాలిపోతుంది. పట్టీలన్నిటినీ కలిపి పట్టే సెంటర్ బోల్టు తల యాక్సిల్ (చక్రాల ఇరుసు) ప్యాడ్ రంధ్రంలో కూర్చోలేదు. కమాన్‌ను యాక్సిల్‌కు బిగించి పట్టే యూ బోల్టులూ పాతవే, మరలు అరిగిపోయాయి. అందుకే యాక్సిల్ జరిగింది. టేపుతో ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకు కొలిస్తే రెండు వైపులకూ ముప్పావు అంగుళం తేడా. స్టీరింగ్ నిటారుగా పెట్టి ఈ కొలత మీరే తీసుకోవచ్చు. షెడ్డులోనే తీసుకోండి, ఇంటికొచ్చాక కాదు.

నాకు అసలు తెలియని సంగతి బుష్‌లది, అంటే కమాన్ చివర్లలో బోల్టు చుట్టూ ఉండే రబ్బరు గొట్టాలది. బండి జాకీ మీద ఉండగా, యాక్సిల్ కిందికి వేలాడుతున్నప్పుడే, కమాన్ చివరను బండికి కలిపే షాకిల్ బోల్టులు షెడ్డువాళ్లు గట్టిగా బిగించేశారు. రబ్బరు ఆ స్థితిలోనే పట్టుకుపోతుంది. చక్రాలు నేలకు ఆనగానే బండి బరువుకు మెలి తిరుగుతుంది, ప్రతి గుంతకూ ఇంకాస్త మెలిపడి తొందరగా చీలిపోతుంది. ముందు వదులుగా పెట్టి, బండిని దించి, వెనక భాగాన్ని నాలుగుసార్లు కిందికి నొక్కి ఊపి, అప్పుడు బిగించాలట. పెద్దాయన నా కళ్ల ముందే అలా చేశారు. 300 కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు మళ్లీ బిగించుకోమని రెండుసార్లు చెప్పి పంపారు.

రంగు వేయకముందే పట్టీలు చూస్తామనండి. విప్పిన పాత సామాను మీ డిక్కీలో వేయించుకోండి. ఇవ్వనంటే అక్కడ పని చేయించొద్దు.

నేను ఆ షెడ్డుకు మళ్లీ వెళ్లి అడిగాను. ‘మీరే గుంతలో దింపి ఉంటారు’ అన్నాడు. బిల్లు అడిగితే తెల్ల కాగితం మీద ‘కమాన్ పని 14,000’ అని రాసిచ్చాడు. షాపు పేరు లేదు, సంతకం లేదు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్దామన్నా నా చేతిలో ఉన్నది ఆ కాగితమే. ‘కొత్త కమాన్లు, కొత్త యూ బోల్టులు’ అని బిల్లులో రాయించుకోకుండా మాత్రం అడ్వాన్సు ఇవ్వకండి.