“రేడియల్స్ అక్కర్లేదు” అని అమ్మే హెచ్‌ఎఫ్ వర్టికల్‌తో జాగ్రత్త

హామ్ రేడియో (లైసెన్సుతో నడిపే అభిరుచి రేడియో) వాళ్లు హెచ్‌ఎఫ్‌లో, అంటే షార్ట్‌వేవ్‌లో, వాడే నిలువు కడ్డీ యాంటెనాయే వర్టికల్. దాని అడుగు నుంచి చుట్టూ పరిచే తీగలు రేడియల్స్. 40 నుంచి 10 మీటర్ల దాకా అన్ని బ్యాండ్లకూ (తరంగం పొడవుతో పిలిచే పౌనఃపున్య పట్టీలు) ఒకటే కడ్డీ, రేడియల్స్ అక్కర్లేదు, ఎక్కడైనా ఎస్‌డబ్ల్యూఆర్ (పంపిన శక్తి ఎంత వెనక్కొస్తోందో చెప్పే అంకె, 1.0 అంటే ఏమీ రాదు) 1.5 లోపే. ఈ మూడు మాటలూ ఒకే ప్రకటనలో ఉంటే డబ్బు కట్టకండి. పంపిన శక్తినంతా వేడిగా మార్చేసే డమ్మీ లోడ్‌కి కూడా ఎస్‌డబ్ల్యూఆర్ 1.0 వస్తుంది, దాంతో ఎవరితో మాట్లాడతాం?

40 మీటర్ల బ్యాండ్‌లోని 7.1 మెగాహెర్ట్జ్‌కి పావు తరంగం, అంటే కడ్డీకి ఉండాల్సిన పూర్తి పొడవు, సుమారు 10 మీటర్లు. చేతికొచ్చేది 5 మీటర్ల కడ్డీ, అడుగున ఒక కాయిల్. అంత పొట్టిదానికి రేడియేషన్ రెసిస్టెన్స్ (మొత్తం నిరోధంలో గాల్లోకి వెళ్లే శక్తి వాటా) 6 ఓమ్‌ల దగ్గరే ఉంటుంది. మ్యాచింగ్ (రేడియోకి కావలసిన 50 ఓమ్‌లకు సరిపెట్టే సర్క్యూట్) ఏమీ లేకుండానే మీటరు 50 చూపిస్తే, మిగతా 44 కాయిల్లో, నేలలో పోయే నష్టం. 100 వాట్లు పంపితే గాల్లోకి వెళ్లేది 12.

డబ్బాలో 9:1 ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినవి ఇంకో రకం. రేడియల్స్ లేవు కాబట్టి కోయాక్స్ (రేడియో నుంచి యాంటెనాకు వెళ్లే కేబుల్) పైతొడుగే యాంటెనాలో రెండో సగమైపోతుంది. మైకు పెదవికి చురుక్కుమంటుంది, ఇంట్లో ఎల్‌ఈడీ బల్బుల, ఇన్వర్టర్ల రొద అంతా రిసీవర్లోకి దిగుతుంది. కోయాక్స్‌ని చేత్తో పట్టుకుని కాస్త జరిపితే ఎస్‌డబ్ల్యూఆర్ మారుతోందా? అయితే అదే జబ్బు. ట్రాన్స్‌ఫార్మర్ కోర్ చిన్నదైతే ఎఫ్‌టీ8లో (కంప్యూటర్‌తో నడిపే, పూర్తి పవర్ ఆగకుండా పంపే డిజిటల్ పద్ధతి) వేడెక్కి రీడింగ్ పైకి పాకుతుంది కూడా.

హైదరాబాద్ నుంచి విజయవాడతో 40 మీటర్లలో మాట్లాడటానికి అసలు వర్టికల్ ఎందుకు? అది నేలబారుగా పంపుతుంది, దగ్గర ఊళ్లు స్కిప్‌లో, అంటే సిగ్నల్ పైనుంచి దాటిపోయే చోట, పడిపోతాయి. మేడ మీద 9 మీటర్ల ఎత్తున మధ్యభాగం ఉండేలా ఇన్వర్టెడ్ వీ (మధ్యభాగం ఎత్తులో, కొసలు కిందికి వాలేలా కట్టే తీగ డైపోల్) కడితే సిగ్నల్ నిటారుగా పైకెళ్లి, పై వాతావరణపు పొరకు తగిలి చుట్టుపక్కల 400, 500 కిలోమీటర్లలో దిగుతుంది. కావలసింది ఇళ్ల వైరింగుకు వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, ఒక్కో చేయి 10.5 మీటర్లు, కోయాక్స్‌ను రెండు చేతులకూ కలిపే ఒక 1:1 బాలన్. కరెంటు తీగలకు మాత్రం దూరంగా కట్టండి.

దూరదేశాలే కావాలంటే వర్టికల్ మంచిదే, 20 మీటర్లకు 5 మీటర్ల కడ్డీ పూర్తి పావు తరంగం. కానీ నేల మీద నిలబెడితే కనీసం 16 రేడియల్స్, అంటే 80 మీటర్ల తీగ. ఆ ఖర్చు కడ్డీ ధరతో కలిపి చూసుకోండి. మేడ మీదైతే 5 మీటర్లవి నాలుగు చాలు, స్లాబుకు తగలకుండా ఎత్తులో లాగాలి. 2 మీటర్ల బ్యాండ్ ఎఫ్‌ఎం రిపీటర్లకు (సిగ్నల్ అందుకుని మళ్లీ పంపే స్టేషన్లు) మాత్రం వర్టికలే కొనండి, అడ్డంగా కడితే 20 డెసిబెల్స్ దాకా పోవచ్చు, అంటే సిగ్నల్ నూరో వంతుకు పడిపోవచ్చు.

పార్సిల్‌తో వచ్చే కోయాక్స్‌కి అయస్కాంతం పెట్టి చూడండి. అల్లిక అంటుకుంటే అది రాగి కాదు, ఇనుము. డైపోల్ ట్యూన్ చేసేటప్పుడు కొసలు కత్తిరించకండి, వెనక్కి మడిచి కట్టండి. కత్తిరించిన తీగని ఏ దుకాణమూ వాపసు తీసుకోదు.