పిడికిలితో కొలిచిన ఉత్తరం, దక్షిణం

మాది శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం. రాత్రి డాబా ఎక్కి ఉత్తరానికి చెయ్యి చాపితే ధ్రువ నక్షత్రం రెండు పిడికిళ్ల కంటే కాస్త కిందే ఉంటుంది. చాపిన చేతి పిడికిలి దాదాపు పది డిగ్రీలు. చుక్క ఎన్ని డిగ్రీల ఎత్తులో ఉంటే మన అక్షాంశం అంత. మా ఊరికి 18.

దక్షిణాన నేను చూసిన చివర కన్యాకుమారి. జనవరిలో అమ్మను తీసుకెళ్లాను. విజయనగరంలో వివేక్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే బండి మారే పని లేదు గానీ, పెద్దవాళ్లతో అయితే ఏసీలోనే వెళ్లండి. 'సీ వ్యూ' అని ఎక్కువ డబ్బు పుచ్చుకున్న లాడ్జి గదిలో సముద్రం బాత్రూమ్ కిటికీలోంచి మాత్రమే కనిపించింది. అడిగితే "కనిపిస్తోంది కదా సార్" అన్నాడు! వివేకానంద రాక్‌కి పొద్దున్నే మొదటి పడవ పట్టుకోండి, తర్వాత క్యూ భరించలేం. అక్కణ్ణుంచి 133 అడుగుల తిరువళ్లువర్ విగ్రహానికి ఇప్పుడు అద్దాల వంతెన ఉంది. అరసవల్లికి ఏటా వెళ్లే అమ్మకి సూర్యోదయం పెద్ద వింత కాలేదు. సాయంత్రం మాత్రం కదల్లేదు. మాకు సూర్యుడు సముద్రంలోంచి రావడమే తెలుసు, అందులోకి దిగడం ఆవిడ చూడటం అదే మొదలు. రాత్రి వెతగ్గా వెతగ్గా ధ్రువ నక్షత్రం ఊరి దీపాల మీద దొరికింది, పిడికిలెత్తు కూడా లేదు. "ఇదేంట్రా, చుక్క కూలబడిపోయింది?" అంది.

ఉత్తరాన లద్దాఖ్‌లోని తుర్తుక్. 1971 యుద్ధంలో మన దేశంలోకి వచ్చిన, బాల్టీ భాష మాట్లాడేవాళ్ల ఊరు. మా ఆవిడా నేనూ ఆగస్టులో వెళ్లాం. సముద్రం ఒడ్డున పెరిగిన ఒళ్లు కదా, లేహ్‌లో రెండు రోజులు ఊరికే పడుకున్నాం. అది మానేసి తిరిగేవాళ్లు ఖర్దుంగ్ లా కనుమ మీద, 17,500 అడుగుల పైన, తల పట్టుకుని కూర్చోవడం చూశాం. నా ప్రీపెయిడ్ సిమ్ లద్దాఖ్‌లో పనిచెయ్యలేదు, పోస్ట్‌పెయిడ్ ఉండాల్సిందే. పర్మిట్ జిరాక్సులు నాలుగైదు పెట్టుకోండి. హోమ్‌స్టేలో గది చిన్నదే, వేడినీళ్లు బకెట్లోనే. అయినా కన్యాకుమారి లాడ్జి కంటే వెయ్యి రెట్లు నయం. పెరట్లోనే ఖుబానీ చెట్లు, కోసుకుని తినమన్నారు.

కరెంటు పోయాక బయటికొచ్చి చెయ్యి చాపాను. మూడున్నర పిడికిళ్లు.

ఇంటికొచ్చాక డాబా మీద అమ్మకి ఆ ఎత్తు చూపించాను.

"అంత పైకి చూస్తే మెడ నొప్పెట్టలేదూ?" అంది.